మరణం గడిలో ఎవరిని వెయ్యాలి: ఐసీయూ స్కోర్ల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

మా పెద్దమ్మ కూతురు విశాఖలో ఐసీయూ డాక్టరు. నేను హైదరాబాద్‌లో డేటా ఉద్యోగం చేసుకుంటున్నాను. సంక్రాంతికి ఊళ్ళో కలిసినప్పుడు, అరిసెలు తింటూ తింటూ ఒక ప్రశ్న వేసింది. "ఏరా, మేం పేషెంటు చేరగానే స్కోరు కడతాం. ఇంత స్కోరు వస్తే చనిపోయే అవకాశం ఇంత అని ఒక లెక్క చెబుతుంది. ఆ లెక్క ఎక్కడో యూరప్‌లో, అమెరికాలో ఎప్పుడో కట్టింది. మా వార్డులో అది ఎంతవరకు నిజం?"

తెలీదక్కా అన్నాను. "కనుక్కో మరి. పొద్దస్తమానం కంప్యూటర్ ముందేగా కూర్చునేది" అంది.

మన ఆసుపత్రుల రికార్డులు నా చేతికి రావు, రాకూడదు కూడా. అందుకని ప్రశ్నను కాస్త మార్చుకున్నాను: ఒకచోట కట్టిన స్కోరును వేరే జనం మీద పెడితే ఏమవుతుందో చూడటం ఎలా? దానికి పరిశోధన కోసం అనుమతితో ఇచ్చే అమెరికా డేటాబేస్‌లు రెండున్నాయి. ఒకటి మిమిక్-4. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్ ఒక్కదాని రికార్డులు, 2008 నుంచి. రెండోది ఈఐసీయూ. 2014, 2015 సంవత్సరాల్లో 208 ఆసుపత్రుల్లో జరిగిన 2,00,859 ఐసీయూ చేరికలు. ఒకటి ఒక్క పెద్ద బోధనాసుపత్రి, ఇంకొకటి వంద పడకల కన్నా చిన్న ఆసుపత్రులు కూడా ఉన్న గుంపు. నాకు కావలసిన తేడా ఇదే.

3వ రోజు

డేటా ఊరికే ఇవ్వరు. ముందు మనుషుల మీద పరిశోధనకు సంబంధించిన ఆన్‌లైన్ కోర్సు చెయ్యాలి, మనకు తెలిసిన పెద్దవాళ్ళ పేరు హామీగా ఇవ్వాలి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి. డేటాను ఇంకొకరికి ఇవ్వకూడదు, బయటి ఏఐ చాట్ సర్వీసుల్లో అతికించకూడదు. కోర్సు విసుగ్గా ఉంటుందనుకున్నాను గానీ, పాత రోజుల్లో రోగులను అడగకుండా వాళ్ళ మీద చేసిన ప్రయోగాల గురించి చదివాక నిద్ర పట్టలేదు.

అనుమతి వచ్చేదాకా 100 మంది పేషెంట్ల డెమో మీద కోడ్ రాసుకుంటున్నాను. ఇది ఎవరైనా దించుకోవచ్చు.

12వ రోజు

అనుమతి వచ్చింది, ల్యాప్‌టాప్ పడుకుంది. మిమిక్-4లో బెడ్ పక్కన నర్సులు ఎక్కించే పట్టిక ఒక్కటే 30 కోట్ల వరుసలు దాటుతుంది. పాండాస్ అనే డేటా టూల్లో తెరవబోయాను, ఫ్యాన్ గ్రైండర్‌లా అరిచి అంతా ఆగిపోయింది. పార్కే అనే కుదించిన ఫైళ్ళుగా మార్చి డక్‌డీబీ అనే డేటాబేస్‌తో అడిగితే అదే పని టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. ఇంతకన్నా దీని గురించి రాయడానికేం లేదు.

ఒక తమాషా మాత్రం చెప్పాలి. పేషెంట్ల గుర్తులు తెలియకుండా తేదీలన్నీ భవిష్యత్తులోకి జరిపేశారు. ఈరోజు నేను చూసిన ఒకాయన 2180లో గుండెనొప్పితో చేరాడు. అసలు ఏ సంవత్సరమో తెలియదు, ఏ మూడేళ్ళ గుంపో మాత్రం చెబుతారు.

15వ రోజు

పరీక్ష పెట్టబోయే మొదటి స్కోరు శాప్స్-2. 1993లో వచ్చింది. 12 దేశాల్లోని 137 ఐసీయూల నుంచి 13,152 మంది రికార్డులతో కట్టారు. చేరిన మొదటి 24 గంటల్లో బీపీ, గుండె వేగం, మూత్రం, యూరియా, సోడియం లాంటివి ఎంత అధ్వానంగా ఉన్నాయో చూసి ఒక్కోదానికి పాయింట్లు వేస్తారు. వయసుకు, పాత జబ్బులకు, ఆపరేషన్ కోసం చేరారా లేదా అన్నదానికి వేరే పాయింట్లు. మొత్తాన్ని ఒక సూత్రంలో పెడితే మరణ అవకాశం వస్తుంది. స్కోరు 30 అయితే దాదాపు 10.6 శాతం, 40 అయితే 24.7, 50 అయితే 46.

కొత్త కొత్త మెషీన్ లెర్నింగ్ మోడళ్ళుండగా ముప్ఫై ఏళ్ళ స్కోరెందుకని ఆఫీసులో ఒకరడిగారు. చేత్తో లెక్క కట్టగలను కాబట్టి. తప్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించగలను. ముందు దీని మీద చెయ్యి తిరిగితే తర్వాత దాని సంగతి.

పాయింట్ల పట్టిక చూస్తూ ఒకచోట ఆగిపోయాను. ఎయిడ్స్ ఉంటే 17 పాయింట్లు. వేరే అవయవాలకు పాకిన క్యాన్సర్‌కు 9, రక్త క్యాన్సర్లకు 10. 1993లో ఎయిడ్స్‌కు సరైన మందు లేదు, మూడు మందుల కాంబినేషన్ చికిత్స 1996 ప్రాంతంలో గానీ వాడుకలోకి రాలేదు. ఆ రోజుల భయం ఆ 17లో అలాగే గడ్డకట్టుకుని ఉంది. మిగతావన్నీ కలిపి 13 పాయింట్లు ఉన్న మనిషికి మరణ అవకాశం 1.5 శాతం. ఎయిడ్స్ అని ఒక్క టిక్కు పెడితే స్కోరు 30, అవకాశం 10.6 శాతం. ఏడు రెట్లు! మందులు బాగా పనిచేస్తున్న మనిషికైనా ఈ పట్టిక మీద అదే పాయింటు.

19వ రోజు: నేను చేసిన తప్పుల చిట్టా

ఈఐసీయూలో అపాచీ-4 అనే ఇంకో స్కోరు అంచనాలు ముందే కట్టి పెట్టి ఉంటాయి. అవి వాడితే పని తేలిక అనుకున్నాను. కలిపిన పట్టిక చూస్తే పేషెంట్లు రెట్టింపయ్యారు. ఒక్కో మనిషికి అపాచీ-4 వరుస ఒకటి, అపాచీ-4ఏ వరుస ఒకటి ఉన్నాయి. నేను వెర్షన్ చూసుకోకుండా కలిపేశాను.

అది సర్దాక సగటు మరణ అవకాశం వింతగా తక్కువొచ్చింది. కారణం: లెక్క కట్టలేని పేషెంట్లకు అంచనా గడిలో మైనస్ 1 రాసి ఉంది. నేను దాన్ని నిజం సంఖ్య అనుకున్నాను. చనిపోయే అవకాశం మైనస్ వంద శాతమట! యమధర్మరాజు ఎదురు డబ్బిచ్చి వెనక్కి పంపినట్టు.

మూడో తప్పు చాలా చెడ్డది, ఎందుకంటే అది కనబడలేదు. వయసు గడిని సంఖ్యగా మార్చి, మారనివి వదిలేయమని కోడ్‌లో రాశాను. 89 దాటిన వాళ్ళ అసలు వయసు దాచి "> 89" అని రాస్తారు. అది సంఖ్య కాదు కదా, ఆ ముసలివాళ్ళందరూ చడీచప్పుడూ లేకుండా పట్టిక దాటిపోయారు. అంచనాలు ముచ్చటగా కుదిరాయి. ఆ రాత్రి సంతోషంగా పడుకున్నాను కూడా. మర్నాడు వయసుల బొమ్మ గీస్తే కుడిపక్క గోడ కట్టినట్టు తెగిపోయి ఉంది. మిమిక్-4లో ఇదే వయసు వాళ్ళందరికీ 91 అని ఉంటుంది. రెండుచోట్లా 90 గా పెట్టి మళ్ళీ నడిపాను. శాప్స్-2లో 80 దాటితే అందరికీ ఒకే 18 పాయింట్లు కాబట్టి ఇబ్బంది లేదు.

24వ రోజు

ఈ వారమంతా ఒక్క అంశమే తినేసింది. స్పృహ.

గ్లాస్గో కోమా స్కేలు: కళ్ళు తెరవడం, మాట, కదలిక, మొత్తం 3 నుంచి 15. శాప్స్-2లో ఇది 14, 15 అయితే సున్నా పాయింట్లు, 6 కన్నా తక్కువైతే 26. పట్టికలో ఇంత బరువు దేనికీ లేదు. మరి గొంతులో గొట్టం వేసి, నిద్రమందు ఇచ్చి పడుకోబెట్టిన మనిషికి ఎంత వెయ్యాలి? మాట రాదు, కళ్ళు తెరవడు. కానీ అది జబ్బు కాదు, మనం ఇచ్చిన మందు.

నియమం ప్రకారం మత్తు ఇవ్వకముందు ఎలా ఉన్నాడో దాన్ని తీసుకోవాలి. మిమిక్ కోసం అందరూ వాడే ఉచిత కోడ్‌లో, గొట్టం వల్ల మాట పరీక్షించలేకపోయారని రాసి ఉంటే మొత్తం 15 అని వేసేస్తుంది. ఈఐసీయూలో మందుల వల్ల స్కోరు చూడలేకపోయామని చెప్పడానికి వేరే గడి ఉంది. దాన్ని పట్టించుకోకుండా ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే లెక్క తేడా పడుతుంది. మిగతా స్కోరు 30 ఉన్న మనిషిని ఊహించండి. స్పృహను 15 అంటే అవకాశం 10.6 శాతం, 3 అంటే స్కోరు 56, అవకాశం దాదాపు 60 శాతం. అదే మంచం, అదే మనిషి.

అక్కకు ఫోన్ చేశాను. "మీ దగ్గర ఏం రాస్తారక్కా?"

"డ్యూటీలో ఎవరుంటే వాళ్ళ ఇష్టం రా. కొందరు మాట దగ్గర 'టి' అని రాస్తారు, ట్యూబ్ అని. కొత్తగా వచ్చిన పిల్లలు ఒకటి వేసేస్తారు. రాత్రి మూడింటికి ఎవడు వెనక్కెళ్ళి చూస్తాడు?"

అంటే రెండు ఆసుపత్రుల మధ్య తేడా కనిపిస్తే, అది పేషెంట్లలో తేడా కావచ్చు, చికిత్సలో తేడా కావచ్చు, రాత్రి మూడింటికి ఫారం నింపే అలవాటులో తేడా కూడా కావచ్చు. రెండు డేటాబేస్‌లలోనూ మత్తులో ఉన్నవాళ్ళకు ఒకే పద్ధతి పెట్టి, ఇంకో పద్ధతిలో కూడా నడిపి, రెండు ఫలితాలూ పక్కపక్కనే ఉంచుతున్నాను.

29వ రోజు

మొదటి ఫలితాలు. అక్క ఇంకా సరిచూడలేదు కాబట్టి నా అంకెలేవీ ఇక్కడ పెట్టట్లేదు. ఆకారం మాత్రం చెబుతాను.

ఇలాంటి మోడళ్ళ గురించి మాట్లాడేవాళ్ళంతా మొదట చెప్పేది ఏయూసీ. చనిపోయిన ఒకరినీ బతికిన ఒకరినీ అలా చేతికొచ్చినట్టు ఎంచుకుంటే, చనిపోయిన మనిషికి మోడల్ ఎక్కువ అవకాశం ఇచ్చి ఉండే సంభావ్యత అది. వరుస సరిగ్గా పెట్టిందా లేదా అని మాత్రమే చూస్తుంది. అందరి అంచనాలనూ సగం చేసేసినా వరుస మారదు, ఏయూసీ మారదు. కానీ 40 శాతం అని డాక్టరు చెప్పిన మాట 20 శాతం అవుతుంది. కుటుంబానికి ఆ రెండు మాటలూ ఒకటేనా?

అందుకని క్యాలిబ్రేషన్ బొమ్మ గీశాను: 20 శాతం అని చెప్పినవాళ్ళలో నిజంగా నూటికి ఇరవైమంది చనిపోయారా? వరుస పెట్టడంలో శాప్స్-2 ఇప్పటికీ పరవాలేదు. కానీ గీత మొత్తం ఉండాల్సిన చోటు కన్నా కిందికి జారి ఉంది. స్కోరు భయపెట్టినంతమంది చనిపోవట్లేదు. ఇందులో వింతేమీ లేదు, 1993 తర్వాత ఐసీయూ చికిత్స బాగుపడింది, పాత స్కోర్లన్నిటిలో ఇలాంటి జారుడు కనిపిస్తుంటుంది. సూత్రంలో అందరి అంచనాలనూ ఒకేసారి పైకో కిందికో జరిపే ఇంటర్‌సెప్ట్ అనే ఒక్క అంకెను స్థానిక డేటాతో మారిస్తే గీత చాలావరకు పైకి లేస్తుంది. శాప్స్-3 కట్టినవాళ్ళు 2005లో ప్రాంతానికొక సూత్రం విడిగా ఇచ్చారు, బహుశా ఇలాంటి చేదు తిన్నాకే.

ఒక హెచ్చరిక నాకు నేనే రాసుకుంటున్నాను. 80 దాటిన వాళ్ళను విడిగా తీసి ఏయూసీ చూస్తే తగ్గింది. అంతమాత్రాన మోడల్ ముసలివాళ్ళకు అన్యాయం చేస్తోందని అనలేను. అందరికీ వయసు పాయింట్లు సమానమయ్యాక వాళ్ళను వేరుచేసే ఒక ఆధారం పోయింది, పరీక్షే కఠినమైంది.

33వ రోజు

ఇక జనం. మిమిక్-4లో జాతి గడిలో చాలా రకాలున్నాయి, "ఏషియన్ - ఏషియన్ ఇండియన్" అని మనవాళ్ళకు విడిగా కూడా ఉంది. ఈఐసీయూలో మనమూ చైనావాళ్ళూ ఫిలిప్పీన్స్ వాళ్ళూ అందరం "ఏషియన్" అనే ఒక్క గడిలో. బోస్టన్ గడిలోనూ మనవాళ్ళు కొద్దిమందే, వాళ్ళలో చనిపోయినవాళ్ళు ఇంకా కొద్దిమంది. ఒక మోడల్‌ను కొత్త జనం మీద పరీక్షించాలంటే కనీసం వంద మరణాలు, వంద బతుకులు ఉండాలని ఈ రంగంలో ఒక మోటు లెక్క. ఆ గడి దానికి చాలదు. కాబట్టి "ఈ స్కోరు తెలుగువాళ్ళకు పనిచేస్తుందా" అనే అక్క ప్రశ్నకు ఈ డేటా జవాబు చెప్పదు. చెప్పినట్టు బొమ్మ గీయడం సులువే, గియ్యను.

అన్నిటికన్నా నన్ను కుదిపింది "తెలియదు", "అడగలేకపోయాం" అనే గడులు. అక్కడ మరణాలు ఎక్కువ. మొదట కోడ్ తప్పనుకున్నాను. తర్వాత వెలిగింది: స్పృహ లేకుండా, వెంట ఎవరూ లేకుండా వచ్చినవాళ్ళను ఎవరడుగుతారు? వచ్చిన గంటల్లోనే పోయినవాళ్ళ ఫారం ఎవరు నింపుతారు? ఆ గడులను "ఖాళీ" అని తీసేయడం మామూలుగా అందరూ చేసే పని. తీసేస్తే బాగా జబ్బు పడ్డవాళ్ళనే తీసేసినట్టు.

కొలతల్లోనే పక్షపాతం ఉండే సందర్భమూ ఉంది. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ మీద 2020లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. యంత్రం ఆక్సిజన్ బాగానే ఉందని చూపినా, రక్తపరీక్షలో నిజంగా తక్కువున్న సందర్భాలు నల్లజాతి పేషెంట్లలో 11.7 శాతం, తెల్లవాళ్ళలో 3.6 శాతం. శాప్స్-2 అయితే ధమని రక్తపరీక్ష అడుగుతుంది. కానీ నేను తర్వాత కట్టబోయే మోడల్‌లో ఆక్సీమీటర్ అంకె ఉంది. చర్మం రంగు సంగతి యంత్రానికి తెలియదు, మోడల్‌కు అసలే తెలియదు.

38వ రోజు

ఆసుపత్రుల వారీగా చూశాను. వచ్చిన మరణాలను అంచనా వేసిన మరణాలతో భాగిస్తే ఒకటి దగ్గర ఉండాలి. పట్టిక పైనుంచి కిందికి చూస్తే కొన్ని ఆసుపత్రులు దేవాలయాల్లాగా, కొన్ని శ్మశానాల్లాగా కనిపిస్తాయి. తొందరపడకూడదు. ఒక చిన్నచోట 8 మరణాలు అంచనా ఉంటే 5 జరిగినా, 11 జరిగినా అదృష్టం లెక్కలోనే పోతుంది, ఎందుకంటే 8కి వర్గమూలం దాదాపు 2.8. అయినా 5 వచ్చినచోట నిష్పత్తి 0.63 అని, 11 వచ్చినచోట 1.38 అని పట్టికలో గంభీరంగా కూర్చుంటుంది.

అదృష్టం కాని తేడా ఒకటుంది. చిన్న ఆసుపత్రుల్లో స్కోరు చెప్పినంతమంది చనిపోలేదు. వాళ్ళ చికిత్స అంత గొప్పదా? డిశ్చార్జ్ గడి చూశాను, "వేరే ఆసుపత్రికి" అని ఉన్నవాళ్ళందరూ నా లెక్కలో బతికినవాళ్ళే.

అక్క నవ్వింది. "మా దగ్గరా అంతే కదరా. చెయ్యి దాటుతోందంటే పెద్దాసుపత్రికి రాసేస్తారు. చావు అక్కడి లెక్కలో పడుతుంది. ఇక్కడి రిజిస్టరు శుభ్రంగా ఉంటుంది."

పంపించినవాళ్ళను తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి నడిపాను. చిన్న ఆసుపత్రుల ఘనత కొంత కరిగింది.

44వ రోజు

సొంతంగా ఒక గ్రేడియంట్ బూస్టింగ్ మోడల్‌ను (చిన్న చిన్న నిర్ణయ వృక్షాలను కలిపి అంచనా వేసే మెషీన్ లెర్నింగ్ పద్ధతి) మిమిక్-4 మీద నేర్పించి ఈఐసీయూ మీద పెట్టాను. బోస్టన్‌లో బ్రహ్మాండం, బయట నీరసం. దేన్ని చూసి నేర్చుకుందో తవ్వితే, లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగేది) విలువ కన్నా లాక్టేట్ పరీక్ష చేయించారా లేదా అన్నదానికి ఎక్కువ బరువిచ్చింది. బోస్టన్ డాక్టరుకు అనుమానం వస్తేనే ఆ పరీక్ష రాస్తాడు, అంటే మోడల్ నేర్చుకున్నది డాక్టరు భయాన్ని. పరీక్షలు ఇంకో పద్ధతిలో రాసే ఆసుపత్రిలో ఆ భయానికి అర్థం లేదు. యూనిట్ల తలనొప్పి దీని ముందు చిన్నది: ఆక్సిజన్ శాతం ఒకచోట 0.4, ఇంకోచోట 40, ఉష్ణోగ్రత కొన్ని ఫారెన్‌హీట్‌లో.

అమెరికాను నాలుగు ప్రాంతాలుగా చీల్చి, మూడింటి మీద నేర్పించి నాలుగోదాని మీద పరీక్షించే పని మొదలుపెట్టాను. నడుస్తోంది.

51వ రోజు

ఇన్నాళ్ళూ అంచనా గడి గురించి కొట్టుకున్నాను. ఈరోజు అవతలి గడి దగ్గర ఇరుక్కుపోయాను. చనిపోయాడు, బతికాడు. ఇందులో సందేహమేముంటుంది అనుకునేవాణ్ణి.

మిమిక్-4లో డిశ్చార్జ్ గడిలో "హాస్పిస్" అని ఒకటుంది. ఇక చికిత్స వద్దు, నొప్పి లేకుండా చూడండి చాలు అని పంపినవాళ్ళు. ఆసుపత్రిలో మరణం అనే గుర్తు వాళ్ళకు సున్నా. నా కోడ్ ప్రకారం క్షేమంగా ఇంటికి వెళ్ళారు. మిమిక్‌లో ఆసుపత్రి దాటాక ఏడాదిలోపు మరణ తేదీ కూడా ఉంటుంది కాబట్టి వెతికి చూడగలను. ఈఐసీయూలో గేటు దాటాక ఏమైందో లేదు.

ఇది అక్కకు చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "మా దగ్గర లామా ఉంది కదరా. డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం అని సంతకం పెట్టి వెళ్ళిపోతారు. డబ్బులైపోయి కొందరు. ఇంట్లో ప్రాణం పోవాలని కొందరు. అంబులెన్స్‌లో ఊపిరి కోసం చేత్తో అంబు బ్యాగు నొక్కుకుంటూ తీసుకెళ్తారు, గుమ్మంలో దించి ఆపేస్తారు. మా రిజిస్టర్లో ఆ మనిషి చనిపోలేదు. వెళ్ళిపోయాడు."

అలాంటివాళ్ళు ఎక్కువున్న ఐసీయూలో శాప్స్-2 పెడితే "స్కోరు ఎక్కువగా భయపెడుతోంది, ఇంటర్‌సెప్ట్ తగ్గించండి" అని నా కోడ్ చెబుతుంది. తగ్గిస్తే, డబ్బుల్లేక వెళ్ళిపోయిన మనిషి వల్ల తర్వాతి మనిషి అంచనా తేలికవుతుంది. 29వ రోజు ఒక్క అంకె మార్చి గీతను పైకి లేపిన తెలివి గుర్తొచ్చి సిగ్గేసింది.

53వ రోజు

మిమిక్‌లో మూడు రకాల మరణాలు పెట్టి మొత్తం మళ్ళీ నడుపుతున్నాను: ఆసుపత్రిలో పోయినవాళ్ళు, వాళ్ళతోపాటు హాస్పిస్‌కు వెళ్ళినవాళ్ళు, చేరిన 30 రోజుల్లో ఎక్కడ పోయినా. మూడు గీతలూ ఒకే బొమ్మ మీద. మొదటి రెండు వచ్చాయి, రెండోది అంచనా, నిజం సమానమయ్యే 45 డిగ్రీల గీతకు దగ్గరగా జరిగింది. మూడోది రాత్రికి అవుతుంది.

అక్క తన సొంత నోటుపుస్తకంలో ఈ నెల నుంచి ఒక గీత అదనంగా గీసిందట. పేర్లు రాయదు, స్కోరూ ఎలా వెళ్ళారన్నదీ మాత్రమే. ఇందాకే మెసేజ్ పెట్టింది: "ఒక ముసలాయన ఇప్పుడే లామా. స్కోరు 61. వారం తర్వాత వాళ్ళబ్బాయికి ఫోన్ చేసి అడగమంటావా, వద్దా?"

ఇంకా జవాబివ్వలేదు.